గాజు పొయ్యి మీద తెల్ల చుక్కలు

పొద్దున్నే వంటింట్లో కాలు పెట్టగానే కోడలి చూపు ముందుగా పొయ్యి మీదే పడుతుంది. నల్లటి గాజు పలక, దాని అడుగున దాక్కున్న నాలుగు కరెంటు రింగులు. నిన్న అన్నాలయ్యాక, గాజు పూర్తిగా చల్లబడేదాకా ఆగి, శనగగింజంత గాజు తుడిచే క్రీము వేసి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, పక్కకి వంగి వెలుగులో చూసుకుని మరీ పడుకుంది. తెల్లారేసరికి మళ్లీ అవే. ముందు వరసలోని చిన్న రింగు నడిమధ్యన నువ్వుగింజలంత తెల్ల చుక్కలు.

"మామయ్యా!"

పెద్దాయన హాల్లో బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. కోడలి టీ మూతపెట్టి ఎదురుగా సిద్ధంగా ఉంది. ఆ పిలుపులోని కారం ఆయనకి వినబడకపోలేదు.

"మళ్లీ నీళ్లు చల్లారా?"

"చల్లడమేంటమ్మా, చెయ్యి తడిగా ఉండి ఓ చుక్క పడుంటుంది."

"ఓ చుక్క పడితే ఓ మచ్చే ఉంటుంది కదా. ఇక్కడ ఓ గుప్పెడున్నాయి. అన్నీ ఒకేచోట."

కోడలిది రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర ఉద్యోగం. కుట్టు ఒక్కటి జారినా, కాలరు వెంట్రుకవాసి వంకరపోయినా ఆమె చేతులు దాటి పోదు. అక్కడి టైలర్లు ఎదురుగా మేడమ్ అంటారు, వెనక డేగ అంటారు. అలాంటి మనిషి దగ్గర మచ్చల గురించి అబద్ధమాడటం పెద్దాయన సాహసమనే చెప్పాలి. ఆ సాహసం కూడా ఎంతోసేపు నిలవలేదు.

"అలవాటమ్మా," అన్నాడు కప్పులోకి చూస్తూ.

అలవాటే మరి. క్యాంటీన్ వంటమేస్త్రిగా చేసి రిటైరైన చెయ్యి అది. పెనం కాలిందా లేదా అని వేళ్లు నీళ్లలో ముంచి చిలకరించడం, చుయ్‌మంటే వేడి, ఊరుకుంటే చల్లన. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదనుకుంది కోడలు. పెద్దాయన కాబట్టి ఆ సామెతని గొంతు దాటనివ్వలేదు.

"అలవాటైతే మానుకోండి మామయ్యా. ఆదివారం ఇంటావిడ వస్తోంది. అగ్రిమెంటు కొత్తగా రాయాలి. ఆవిడ ముందు చూసేది ఈ పొయ్యినే."

అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ మేడలో గ్యాసు సిలిండరు పెట్టనివ్వరు. అందుకని ఇంటావిడే ఈ కరెంటు పొయ్యిని బిగించి ఇచ్చింది. తాళాలు చేతికిచ్చిన రోజున గదుల గురించి రెండు ముక్కలు మాట్లాడి, పొయ్యి గురించి పెద్ద ప్రసంగమే చేసింది. గిన్నె ఎత్తి పెట్టాలి గాని ఈడ్చకూడదు, గీతలు పడతాయి. అడుగు సొట్టపోయిన గిన్నె పనికిరాదు. తడి అడుగుతో పెట్టకూడదు. ప్లాస్టిక్ మూత దాని మీద పొరపాటున కూడా పెట్టకూడదు. పంచదార పాకం పొంగితే మాత్రం చల్లారేదాకా ఆగకుండా బ్లేడు ఏటవాలుగా పట్టి వెంటనే గీకెయ్యాలి. పగులు కనబడితే మెయిన్ ఆపేసి ఫోన్ చెయ్యాలి. ఆవిడ ఇల్లు అద్దెకిచ్చిందో, పొయ్యి అద్దెకిచ్చి ఇల్లు కొసరు వేసిందో అని కోడలి భర్త ఇప్పటికీ నవ్వుతుంటాడు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది దీపం సంగతి. రింగు ఆపగానే ఎరుపు పోయి గాజు మామూలు నల్లరంగుకి వచ్చేస్తుంది. వేడి మాత్రం అలాగే ఉంటుంది. ఉన్నంతసేపూ పలక మూలన ఆవగింజంత ఎర్రదీపం వెలుగుతుంది. అది ఆరేదాకా చెయ్యి వెయ్యకూడదు. నివురుగప్పిన నిప్పుకి కనీసం నివురైనా కనబడుతుంది, ఈ పొయ్యికి అదీ లేదు.

కోడలు దూదికి వెనిగర్ అద్ది చుక్కల మీద ఉంచింది. నాలుగు చుక్కలకి గాజు పగిలిపోదని ఆమెకి తెలుసు. కానీ ఈ పంపునీళ్లలో సున్నం ఎక్కువ. వేడికి నీళ్లు ఎగిరిపోయి సున్నం గాజుని పట్టుకుంటుంది. నానిన తర్వాత స్క్రేపర్ బ్లేడుని దాదాపు పడుకోబెట్టి మెల్లగా తోసింది. మచ్చలు పొడిలా లేచాయి.

"నాకు మాటివ్వండి మామయ్యా. ఇక నీళ్లు చల్లనని."

పెద్దాయన కప్పు దించాడు. ఏదో అనబోయి ఆగాడు.

"సరేనమ్మా. చల్లను."

మర్నాడు పొద్దున చూస్తే గాజు మీద ఒక్క చుక్క లేదు. కోడలికి ఏనుగెక్కినంత సంతోషం వేసింది. మూతపెట్టిన టీ తాగుతూ, "చూశారా, అనుకుంటే ఎంతసేపు?" అంది. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం తనిఖీ బల్ల మీద నీలం చొక్కాల కట్ట విప్పుతుండగా భర్త నుంచి ఫోన్ వచ్చింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఫోన్లో ఎప్పుడూ రెండు మాటలకి మించడు. "నాన్న చెయ్యి కాల్చుకున్నాడు. పంపు కింద పెట్టి ఉంచమన్నాను. నేను వెళ్తున్నా, నువ్వూ రా."

ఆమె వెళ్లేసరికి పెద్దాయన కుడిచెయ్యి ఇంకా ధార కిందే ఉంది. అరచెయ్యి ఎర్రగా పొంగి, వేళ్ల మొదళ్లలో బొబ్బలు లేచాయి. నేల మీద తడిగుడ్డ ఒకటి నలిగి పడుంది. పొయ్యి తుడిచే మెత్తటి గుడ్డ.

"తుడుద్దామనుకున్నానమ్మా," అన్నాడు పెద్దాయన, తప్పుచేసిన పిల్లాడి గొంతుతో. "పాలు ఒలికాయి. నువ్వొచ్చేలోగా శుభ్రంగా పెడదామని. ఆపి చాలాసేపైంది కదా, చల్లారుంటుందనుకున్నాను."

చల్లారలేదు. తడిగుడ్డ గాజుకి తగలగానే ఆవిరి లేచి అరచేతిని పట్టేసింది. అసలే గట్టిగా అదిమి తుడిచే చెయ్యి.

"దీపం చూడలేదా మామయ్యా? ఎన్నిసార్లు చెప్పాను!"

ఆయన పంపు ధారనే చూస్తూ నిలబడ్డాడు.

క్లినిక్‌లో నర్సు మందు రాసి తెల్లటి కట్టు కట్టింది. వారం దాకా తడవకూడదంది. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ కొడుకు రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి ముందుభాగాన ఉన్న నాలుగు నాబ్‌లనీ ఒక్కొక్కటే పట్టుకుని లాగాడు. పళ్లు ఊడినట్టు నాలుగూ ఊడి వచ్చాయి.

"నాన్నా, ఇక నువ్వు పొయ్యి జోలికి వెళ్లొద్దు."

"ఒక్కసారి పొరపాటు జరిగితేనే..."

"లిఫ్టు తలుపులో చెయ్యి పెట్టినవాణ్ని నేను తిట్టను నాన్నా. లిఫ్టు ఆపేస్తాను. ఇదీ అంతే." ఆ మాట అంటున్నప్పుడు కొడుకు గొంతు పెద్దదైంది. కోపం కాదది, భయం. కానీ వినేవాడికి రెండూ ఒకలాగే వినబడతాయి.

పెద్దాయన కోడలి వంక చూశాడు. ఆమె ఒక్కమాట అంటే ఆగిపోయే వ్యవహారమే. ఆమె అనలేదు. తన మాట వినకపోవడం వల్లే ఇదంతా అని అప్పటికి ఆమె గట్టి నమ్మకం. నాబ్‌లు తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో అక్షరాలా జరిగింది. కాలింది ఒకరి చెయ్యి, ఆకులు పట్టుకున్నది వేరేవాళ్లు.

ఆ మర్నాడు ఆమె లేచేసరికి బల్ల మీద మూతపెట్టిన టీ లేదు. పెద్దాయన ఎప్పటిలాగే ముందే లేచి, స్నానం చేసి, కట్టు తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని వంటింట్లో నిలబడున్నాడు. నాబ్‌లు లేక మిగిలిన నాలుగు ఇనుప మొనల్ని ఎడమచేతి వేలితో ఒక్కొక్కటే తడుముతున్నాడు. కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన చూసి, "ఏం లేదమ్మా, మంచినీళ్లకొచ్చాను," అని గ్లాసు అందుకుని బయటికి వచ్చేశాడు. నీళ్లు పట్టుకోవడం మర్చిపోయాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సంచులు వెతికే సెక్యూరిటీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో చెయ్యిపెట్టి నాలుగు నాబ్‌లు పైకి తీసింది.

"ఇవేంటి మేడమ్?"

"పొయ్యి నాబ్‌లు."

"ఇవి ఆఫీసుకి తెచ్చుకోవడమేంటి మేడమ్! ఇంట్లో దొంగలున్నారా?" అని ఆవిడ పకపకా నవ్వింది. వెనకున్న టైలర్లూ నవ్వారు. కోడలికి నవ్వు రాలేదు. నాబ్‌లు అందుకుని బ్యాగులో వేసేసుకుంది. ఆ రోజంతా చొక్కా బల్ల మీదకి లాగిన ప్రతిసారీ కాలి దగ్గరున్న బ్యాగులో నాబ్‌లు కదిలి చప్పుడు చేశాయి.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, పొద్దున తను వండిపెట్టిన కూర గిన్నెలో సగానికి సగం అలాగే ఉంది.

"తినలేదేంటి మామయ్యా?"

"తిన్నానమ్మా, బ్రెడ్డుతో. చల్లటి కూర సయించలేదు."

వేడి చేసుకోలేకపోయారా అని నోటిదాకా వచ్చింది. బ్యాగు ఆమె భుజానే వేలాడుతోంది. కోడలు నాలుక కరుచుకుని గదిలోకి వెళ్లిపోయింది.

శనివారం ఆమెకి ఒంటిపూటే పని. మధ్యాహ్నం వచ్చి నాబ్‌లు బిగించి, అన్నం వండి, చిన్న రింగు మీద గుడ్లు ఉడకబెట్టింది. గిన్నె దించి, రింగు ఆపి, టమాటాలు కడగడానికి సింకు వైపు తిరిగింది. ఇంతలో ఇంటావిడ ఫోన్. రేపు పొద్దున్నే వస్తానని, పొయ్యి బాగుందా అని, వెనక రింగు మీద వాడే గిన్నె అడుగు ఎంత వెడల్పని, ఎడతెగని ప్రశ్నలు. ఆ మాటలు తెగేసరికి టమాటాలు కడగడం కూడా అయిపోయింది.

టమాటాల పళ్లెం పెట్టడానికి గట్టు మీద చోటులేదు. పొయ్యి మీద పెడదామని అటు తిరిగి ఆగింది. చల్లారిందా? దీపం కోసం వంగి చూసింది. కిటికీ ఎదురుగా ఉన్న మేడకి కొత్తగా తెల్లసున్నం కొట్టారు. ఎండంతా ఆ గోడకి తగిలి తిరిగొచ్చి గాజు పలక మీద పరుచుకుంది. పలకలో కిటికీ కనబడుతోంది, కిటికీ ఊచలు కనబడుతున్నాయి, తన మొహం కనబడుతోంది. దీపం మాత్రం వెలుగుతోందో ఆరిందో తెలియడం లేదు. తల ఎడమకి వాల్చింది, కుడికి వాల్చింది. ఫ్యాక్టరీలో డేగ అనిపించుకున్న కళ్లు చిట్లించి చూసింది. ఊహూ.

చేతులు తడిగా ఉన్నాయి. ఆలోచించనే లేదు. వేళ్లు వాటంతటవే నీళ్లు విదిలించాయి.

చుయ్.

చుక్కలు గాజు మీద గిలగిలా ఎగిరి ఆరిపోయాయి. రింగు నడిమధ్యన నువ్వుగింజలంత తెల్ల మచ్చలు మిగిలాయి.

కోడలు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ తను గీకి పారేసిన మచ్చలే ఇవి. రింగు మధ్యన, సరిగ్గా గిన్నె కూర్చునే చోట. గిన్నె పొయ్యి మీద ఉండగా చల్లితే అక్కడెలా పడతాయి? పెనం కాలిందో లేదో చూసేవాడు పెనంలో చల్లుతాడు గాని గాజు మీద ఎందుకు చల్లుతాడు? గిన్నె దించేశాక, రింగు ఆపేశాక చల్లితేనే ఆ మచ్చలు అక్కడ పడతాయి. చొక్కా మీది మరక చూసి అది మెషిన్ నూనో, టైలరు చెయ్యో, ఇస్త్రీపెట్టె తుప్పో ఇట్టే చెప్పే మనిషి, తన పొయ్యి మీది మరకని తుడిచిందే గాని చదవలేదు. 

పళ్లెం పక్కన పెట్టి హాల్లోకి వెళ్లి, స్టూలు లాక్కుని పెద్దాయన ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, ఒకటడుగుతాను. దాచకుండా చెప్పాలి. పొయ్యి మీద ఆ ఎర్రదీపం మీకు కనబడుతోందా?"

ఆయన కట్టు మీది ముడిని ఎడమచేత్తో సవరించుకున్నాడు. సవరించడానికి అందులో ఏమీ లేదు.

"మబ్బు పట్టిన రోజున కాస్త తెలుస్తుందమ్మా."

"ఎప్పట్నుంచి?"

"ఈ మధ్య ఏది చూసినా ముందు తెర కట్టినట్టుంటోంది. పెద్దవి పర్లేదు. మండుతున్నప్పుడు ఎరుపు బాగానే తెలుస్తుంది. ఆపాకే, ఏదీ తెలీదు."

"మరి చెప్పొచ్చు కదా!"

"చెప్తే, కళ్లు కనబడనివాడికి పొయ్యెందుకని నాబ్‌లు పీకేస్తారని చెప్పలేదు." పెద్దాయన చిన్నగా నవ్వాడు. "చెప్పకపోయినా పీకేశారనుకో, అది వేరే సంగతి."

కోడలికి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"అందుకే నీళ్లు చల్లేవారా?"

"కళ్లు పోయినా చెవులున్నాయి కదమ్మా. నీళ్లు అబద్ధం చెప్పవు. చుయ్‌మంటే ఆగుతాను, లేకపోతే తుడుస్తాను. నాకు అది చాలు."

"మరి మొన్న ఎందుకు చల్లలేదు?"

అడిగేసిన తర్వాత గాని జవాబేమిటో ఆమెకి తట్టలేదు. అప్పటికి ఆలస్యమైపోయింది.

"నువ్వు వద్దన్నావు కదమ్మా," అన్నాడు పెద్దాయన, నింద లేని గొంతుతో. "మాటిచ్చాను."

కోడలు మొహం చేతుల్లో పెట్టుకుంది. ఆ మనిషి తన మాట వినకపోవడం వల్ల చెయ్యి కాల్చుకున్నాడని రెండు రోజులుగా మనసులోనే తీర్పులు చెప్పుకుంది. విన్నందువల్ల కాల్చుకున్నాడు. "నా వల్లే కాలింది మామయ్యా, నా మూలంగానే," అంది. పెద్దాయన కంగారుపడి, "ఛ, ఊరుకో, గుడ్లు చల్లారిపోతాయి, అన్నం పెట్టు," అని మందలించాడు. ఏడుపుకి వంటమేస్త్రికి తెలిసిన మందు అదొక్కటే.

సాయంత్రం కొడుకు వచ్చి అంతా విన్నాడు. విని తండ్రి కట్టు వంక చూశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, వంగి, నడుం విరిచి, మోకాళ్ల మీద కూర్చుని, దీపాన్ని అన్నివైపుల నుంచీ చూశాడు.

"నాకే సరిగ్గా కనబడటం లేదు. దీపం పెట్టాల్సిన చోటా ఇది!" అన్నాడు, పొయ్యి చేసినవాడు ఎదురుగా ఉన్నట్టు. "సోమవారం సెలవు పెడతా. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం. కిటికీకి ఒక తెర కూడా తేవాలి."

"నాబ్‌లు?" అంది కోడలు.

"ఉన్నచోటే ఉండనీ."

ఆదివారం పొద్దున ఇంటావిడ చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. చేతిలో అగ్రిమెంటు సంచి, ముక్కు మీద కళ్లజోడు. హాలు గోడల వంక చూడనైనా చూడకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. పెద్దాయన ఎడమచేత్తో టీ కాచి, గిన్నె అప్పుడే పక్కన దించి రింగు ఆపాడు. ఆవిణ్ని చూడగానే గోడకి ఒదిగి నిలబడ్డాడు.

"ఇవేంటమ్మా?" ఇంటావిడ వేలు చాపింది. నిన్నటి కోడలి చుక్కలు, ఇవాళ తెల్లవారుజామున పెద్దాయన చల్లిన చుక్కలు, అన్నీ కలిసి వెనకా ముందూ రింగుల మీద మెరుస్తున్నాయి. తుడవడానికి తీరిక లేక కాదు. కోడలే తుడవలేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అది నా పొరపాటండి, నేనే..."

"పొరపాటు కాదండి," అంది కోడలు అడ్డొచ్చి. "పొయ్యి చల్లారిందో లేదో మా ఇంట్లో అలాగే చూస్తాం. నీళ్లు చల్లి."

"ఎర్రదీపం ఎందుకుందమ్మా మరి? నేను అంత వివరంగా చెప్పాను కదా!"

"చెప్పారు. మీరే చూడండి, ఇప్పుడు వెలుగుతోందా?"

ఇంటావిడ కళ్లజోడు సవరించుకుని వంగింది. ఎదురు మేడ తెల్లదనమంతా గాజు మీద పరుచుకుని ఉంది. ఆవిడ ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి చూసింది. పొయ్యి గురించి తనకి తెలియదనిపించుకోవడం ఆవిడకి కష్టమైన పని.

"లేదు. ఆరిపోయింది," అని ఒక మచ్చని గోటితో గీకి చూడటానికి చెయ్యి చాపింది.

"ఆగండి!" పెద్దాయన ఎడమచెయ్యి పక్కనున్న గ్లాసులో మునిగి లేచింది.

చుయ్‌మంది.

ఇంటావిడ చెయ్యి వెనక్కి లాక్కుని గుండెల మీద పెట్టుకుంది. చుక్కలు ఎగిరెగిరి ఆరిపోయేదాకా కళ్లప్పగించి చూసింది. తర్వాత ఆమె చూపు మెల్లగా పెద్దాయన కుడిచేతి కట్టు మీదకి వెళ్లి అక్కడే నిలిచింది.

"దీని మీదేనా?" అంది.

"దీని మీదేనండి."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కోడలు కుర్చీ వేస్తే కూర్చుంది. పెద్దాయన ఎడమచేత్తోనే టీ వడగట్టి ఆవిడ ముందు పెట్టాడు. ఒక గుక్క తాగి, మళ్లీ ఒక గుక్క తాగి, సంచిలోంచి అగ్రిమెంటు తీసి బల్ల మీద పెట్టింది.

"అయినా ఆ మచ్చలు పోతాయి కదూ?" అని అడిగింది, ఈసారి పెద్దాయన్నే.

"వెనిగర్ పెట్టి తుడిస్తే పోతాయండి," అన్నాడు పెద్దాయన. "చల్లారాక."